కోరింగ మడ అడవికి పోటూ పాటూ చూసుకుని వెళ్ళండి

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి ప్రాంతంలో ఎడమ చేతి వైపు కోరింగ అభయారణ్యం గేటు వస్తుంది. అందులోంచి బయటికొచ్చేవాళ్ళలో కొందరు "చెట్లు తప్ప ఏముంది?" అంటారు. ఇంకొందరు మళ్ళీ ఏ తిథికి రావాలా అని అప్పుడే లెక్క వేసుకుంటూ ఉంటారు. ఇద్దరూ చూసింది ఒకే అడవి, నడిచింది ఒకే చెక్కల బాట. లోపల అడుగు పెట్టేసరికి నీళ్ళు ఎక్కడున్నాయో అదే తేడా. పోటు, అంటే సముద్రపు నీరు పైకి ఎక్కడం, నిండుగా ఉంటే బురద మునిగిపోయి, దాని మీద బతికే ప్రాణులన్నీ బొరియల్లోనో నీళ్ళ అడుగునో ఉండిపోతాయి. పచ్చటి చెట్లూ మట్టి రంగు నీళ్ళూ మాత్రమే కనపడతాయి. పాటు మీద, అంటే నీరు వెనక్కి దిగిన వేళ, వెళ్తే అదే చోట ప్రతి చదరపు మీటరులోనూ ఏదో ఒకటి కదులుతుంటుంది.

ముందు ఆ చోటు స్వరూపం తెలిస్తే మిగతాది తేలిగ్గా బోధపడుతుంది. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో గౌతమి పాయ యానాం వైపు వచ్చి, సముద్రంలో కలిసే ముందు కోరింగ, గాడేరు లాంటి చిన్న పాయలుగా విడిపోతుంది. ఇవి నేరుగా నడిసంద్రంలో పడవు, కాకినాడ అఖాతంలోకి వస్తాయి. ఆ అఖాతానికి తూర్పున గోదావరి మోసుకొచ్చిన ఇసుకే గట్టు కట్టి, దాదాపు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అయింది. పెద్ద అలలు దాని అవతలే విరిగిపోతాయి. ఇవతల నిలకడైన నీళ్ళు, మెత్తటి ఒండ్రు, రోజుకు రెండుసార్లు ఎక్కి దిగే ఉప్పునీరు ఉన్నాయి. మడ చెట్టు పెరగడానికి కావలసినవి ఇవే. 1978లో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలో రెండో పెద్ద మడ అడవి అని తరచూ రాస్తుంటారు. లెక్క వేసే తీరును బట్టి ఆ స్థానం మారుతుంది కాబట్టి దాన్ని పట్టుకుని వెళ్ళాల్సిన పని లేదు. ఊరికి ఇంత దగ్గరగా, బస్సు దిగి నడిచి వెళ్ళి, చెప్పులకు బురద అంటకుండా మడ అడవి మధ్యలో నిలబడే వీలు ఉండటమే కోరింగ గొప్పతనం. అది చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

వేళ సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఫోనులో కాకినాడ పోటు పాటుల పట్టిక వెతికితే ఆ రోజు నీరు గరిష్ఠంగా ఎక్కే వేళలు రెండు, దిగే వేళలు రెండు కనపడతాయి. ఒక పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటలకు కాస్త పైన పడుతుంది. అదే పోటు మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంటే ఈ ఆదివారం మీ స్నేహితులకు బాగా కుదిరిన వేళ వచ్చే ఆదివారం మీకు కుదరదు, దాదాపు తలకిందులవుతుంది. అమావాస్య, పౌర్ణమి వచ్చి పోయిన ఒకటి రెండు రోజులు నీటి తేడా ఎక్కువ. అష్టమి దగ్గర తేడా బాగా తక్కువ, పాటు మీద కూడా బురద కొద్దిగానే బయటపడుతుంది. ఇంకొక సంగతి: పట్టికలో రాసింది రేవు దగ్గరి లెక్క. నీరు పాయల్లోకి ఎగబాకి, చెట్ల మధ్యకు చేరడానికి సమయం పడుతుంది కాబట్టి అడవి లోపల పోటూ పాటూ రెండూ కాస్త వెనకబడతాయి.

అన్నీ కుదరాలంటే పాటు ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య పడే రోజును ఎంచుకోండి. గేటు తెరవగానే లోపలికి వెళ్తే నీరు అడుగంటిన వేళ చెక్కల బాట మీద ఉంటారు. నడక ముగిసేసరికి నీరు ఎక్కడం మొదలవుతుంది. మధ్యాహ్నం ముందు పడవ ఎక్కితే పాయల్లో లోతు సరిపోతుంది. భోజనం చేసి, సాయంత్రం నాలుగింటికి కాకినాడ తీరానికి చేరితే మళ్ళీ నీరు దిగుతూ ఒడ్డు పక్కన మొదటి బురద పట్టీ బయటపడుతుంది. వలస పక్షులు అక్కడికే వాలతాయి. ఒకే రోజులో మూడూ అందేది ఇలాంటి రోజుల్లోనే. సెలవు ముందే ఖాయమైపోయి వేళ కుదరకపోతే ఒకటి వదులుకోండి. పోటు ఉదయం పడితే ముందు పడవ, మధ్యాహ్నం నడక పెట్టుకోండి. ఎండ తగులుతుంది గానీ బురద కనపడుతుంది.

వెళ్ళడం కష్టం కాదు. కాకినాడ బస్టాండు నుంచి యానాం వెళ్ళే బస్సు ఎక్కి "కోరింగ ఫారెస్టు" అంటే కండక్టరు గేటు దగ్గరే దింపుతారు. షేర్ ఆటోలు కూడా తిరుగుతాయి. దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. రైల్లో వచ్చేవాళ్ళకు కాకినాడ టౌన్ స్టేషను ఉంది. విశాఖ, విజయవాడ ప్రధాన మార్గంలో వెళ్ళే బళ్ళు ఇక్కడికి రాకపోతే సామర్లకోటలో దిగి రోడ్డున రావచ్చు. కారు వేసుకొచ్చేవాళ్ళు ఒక్క రోజు గుర్తు పెట్టుకోవాలి. పుష్య బహుళ అమావాస్య అంటే చొల్లంగి అమావాస్య. సాగర సంగమ స్నానాలకు వచ్చే జనంతో ఈ రోడ్డంతా నిండిపోతుంది. తీర్థానికే వచ్చేవాళ్ళయితే సరే, అడవి చూడాలనుకునేవాళ్ళు మరో రోజు పెట్టుకోవడం మేలు. కార్తీక మాసంలో ఆదివారాలు కూడా వనభోజనాల సందడి ఉంటుంది. ఆ రోజుల్లో చెక్కల బాట మీద ఒకచోట ఆగి నిలబడటం కష్టం, ఆగకపోతే ఇక్కడ కనిపించేది బహు తక్కువ.

గేటు దగ్గర ప్రవేశ టికెట్టు, కెమెరా ఉంటే దాని టికెట్టు, పడవకు వేరే టికెట్టు తీసుకోవాలి. ధరలు మారుతుంటాయి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, ఫోను సిగ్నలు మీద ఆధారపడొద్దు. పడవలు నడుస్తున్నాయా, బాట మొత్తం తెరిచే ఉందా అన్నది టికెట్టు కొనకముందే అడగండి. ఉప్పు గాలికీ తేమకీ చెక్క త్వరగా పాడవుతుంది, తుఫాను వచ్చి వెళ్తే పలకలు లేచిపోతాయి, అందుకని మరమ్మతుల కోసం కొంత భాగం మూసి ఉంచే రోజులుంటాయి. అడవి చివరిదాకా వెళ్ళలేమని లోపలికి వెళ్ళాక తెలిస్తే దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఉసూరుమనిపిస్తుంది.

ఇక ఆ బాట. స్తంభాల మీద నేల నుంచి ఎత్తుగా వేసిన చెక్కల దారి అది. వేళ్ళు తొక్కకుండా, చెట్ల కొమ్మల ఎత్తులో, అడవి లోపలికి తీసుకెళ్తుంది. కింద నీళ్ళు వచ్చిపోతూ ఉంటాయి. గబగబా నడిస్తే అరగంటలో అయిపోతుంది. చాలామంది అలాగే చేసి, దారిలో చివరిదాకా ఫోటోలు దిగి వెనక్కి వస్తారు. గంటన్నర పెట్టండి. అందులో సగం సేపు నిలబడే ఉండండి. మొత్తం సమీక్షలో మేం గట్టిగా చెప్పేది ఇదొక్కటే: ఏదైనా ఒక మలుపు దగ్గర, గుంపు పోయాక, కటకటాలకు ఆనుకుని పది నిమిషాలు కదలకుండా కిందికి చూడండి. మీ నీడ బురద మీద పడకుండా చూసుకోండి. పీతల కళ్ళు కాడల చివర ఉంటాయి, పైనుంచి కదిలే దేన్నైనా అవి కొంగ అనుకునే లోపలికి దూరతాయి. మొదటి రెండు నిమిషాలు ఉత్త బురదే. తర్వాత ఒక బొరియ నోటి దగ్గర ఏదో మెదులుతుంది.

మొదట వచ్చేవి ఫిడ్లర్ పీతలు. వేలి గోరంత నుంచి అగ్గిపెట్టె సగమంత ఉంటాయి. మగదానికి ఒక డెక్క ఒంటిని మించి పెద్దదిగా, రంగుగా ఉంటుంది. దాన్ని పైకెత్తి దించి ఆడదాన్ని పిలుస్తుంది, పక్క మగవాణ్ణి బెదిరిస్తుంది. చిన్న డెక్కతో బురద ముద్ద నోట్లో పెట్టుకుని, అందులోని నాచు, క్రిములు వడగట్టుకుని, మిగిలిన మట్టిని ఉండలా చుట్టి పక్కన పడేస్తుంది. బొరియ చుట్టూ ఆవగింజలంత ఉండలు వరసగా కనిపిస్తే అక్కడ పీత మేస్తున్నట్టే. ఆడదానికి రెండు డెక్కలూ చిన్నవే కాబట్టి అదే పని రెండు చేతులా చేస్తుంది, మగదానికన్నా వేగంగా తింటుంది.

నీటి అంచున బురద మీద వేలెడంత చేపలు గెంతుతుంటే అవి మడ్‌స్కిప్పర్లు. కళ్ళు నెత్తి మీద ఉంటాయి. ముందు రెక్కలను చేతుల్లా ఊని పాకుతాయి, తోక విదిలించి ఎగురుతాయి. చర్మం తడిగా ఉన్నంతసేపు దాని గుండానే గాలి పీల్చుకోగలవు. అందుకే ఎండగా ఉంటే మధ్యమధ్య పక్కకు దొర్లి ఒళ్ళు బురదలో తడుపుకుంటాయి. వీపు మీది రెక్క ఒక్కసారిగా విప్పి నిలబడిందంటే పక్కనే ఇంకొక మగ చేప ఉందని అర్థం. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడ ఆపండి. జంతుప్రదర్శనశాలలో పులి ముందు నిలబడేదానికన్నా ఎక్కువ సేపు నిలబడతారు.

బురద మీద నల్లగా, శంకువులా, వేలు పొడవుకు మించి పడి ఉండేవి నత్తలు. చచ్చిన గుల్లలనుకుని దాటిపోతారు గానీ అవి చాలావరకు బతికే ఉంటాయి. వాటి వెనక గీసుకుపోయిన జాడ చూస్తే తెలుస్తుంది. మండపీతల బొరియలు పెద్దవి, పిడికిలి పట్టేంత. వేళ్ళ మధ్యన ఏటవాలుగా దిగుతాయి.

చెట్లను గుర్తుపట్టడం కష్టమనుకుంటారు గానీ నాలుగైదు తెలిస్తే చాలు. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలువుగా పైకి లేచినవి తెల్లమడ, నల్లమడ చెట్ల శ్వాసవేర్లు. బురదలో ప్రాణవాయువు ఉండదు కాబట్టి పాటు వేళ ఈ వేర్ల చిల్లుల గుండా గాలి తీసుకుంటాయి. ఇవి ఎక్కువ రోజులు నీళ్ళ కిందే ఉండిపోయినా, వాటి మీద మట్టో ప్లాస్టిక్కో పేరుకుపోయినా చెట్టు ఊపిరాడక చస్తుంది. బాట పక్కన విసిరే చిప్స్ సంచి చేసే హాని అదే, చూడ్డానికి అసహ్యంగా ఉండటం ఒక్కటే కాదు. తెల్లమడ ఆకును వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. వేరు వదిలించుకోలేకపోయిన ఉప్పును ఆకు మీద గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది, ఎండకు అది పలుకులు కడుతుంది. కాండం మధ్యనుంచి వంపు తిరిగిన కాళ్ళు బురదలోకి దించిన చెట్టు ఉప్పుపొన్న. దాని కొమ్మలకు మునగకాయల్లా వేలాడేవి కాయలు కావు, తల్లి చెట్టు మీదే మొలకెత్తిన మొక్కలు. మొన దేరి ఉంటాయి. పాటు మీద రాలితే బురదలో గుచ్చుకుని అక్కడే నిలబడతాయి, పోటు మీద రాలితే తేలిపోయి మరో చోట పాతుకుంటాయి. బాట కింద ఒకటి రెండు ఆకులతో నిలబడ్డ చిన్న మొక్కల్ని వెతకండి, తప్పక ఉంటాయి.

తిల్ల చెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. రాలే ముందు ఆకులు ఎర్రబడి అందంగా ఉంటుంది, చేయి చాచి తుంపాలనిపిస్తుంది. తుంపితే కారే తెల్లటి పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది, చర్మం మీద పడితే బొబ్బలెక్కుతాయి. చిన్నపిల్లలకు ముందే చెప్పండి. పడితే ఎక్కువ నీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

జంతువుల విషయంలో ఆశ ఎంత పెట్టుకోవాలో ముందే తేల్చుకోవడం మంచిది. కోరింగ పేరు చెప్తే అందరూ బావురుపిల్లి గురించి అడుగుతారు. ఈ చేపలు పట్టే పిల్లి ఇక్కడ ఉంది, అభయారణ్యానికి అదే ముఖ్యమైన జీవి. బూడిద రంగు ఒంటి మీద వరసలుగా నల్ల మచ్చలు, పొట్టి తోక, ఇంటి పిల్లికి రెట్టింపు దాటే దేహం. నీటి అంచున కూర్చుని పంజాతో చేపను లాగుతుంది, అవసరమైతే నీళ్ళలోకి దూకుతుంది. కానీ అది రాత్రి జీవి. పగటి పూట టికెట్టు కొని వెళ్ళినవాళ్ళకు కనపడటం అదృష్టమే. కనిపించే అవకాశం ఎక్కువ ఉన్నది దాని అడుగుజాడ. పాటు మీద పాయల అంచున మెత్తటి బురద మీద వెతకాలి. పిల్లి జాతి జాడల్లో సాధారణంగా గోళ్ళ గుర్తులుండవు, కానీ బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి దీని జాడలో ఒక్కోసారి గోరు గుర్తులు కనిపిస్తాయి. నక్క జాడ పొడుగ్గా ఉంటుంది, దీనిది గుండ్రంగా ఉంటుంది. ఐదు వేళ్ళు విడిగా, మధ్యలో పొర గుర్తుతో ఉంటే అది నీటికుక్కది.

నీటికుక్కలు కనిపించే అవకాశం కాస్త ఎక్కువ. గుంపుగా తిరుగుతాయి, ఉదయం పూట చురుగ్గా ఉంటాయి. నీరు దిగుతూ చేపలు సన్నటి కాలవల్లోకి చేరినప్పుడు ఆ మలుపుల దగ్గర వేట మొదలుపెడతాయి. నీళ్ళ మీద చిన్న చిన్న తలలు వరసగా పైకి లేచి మునుగుతుంటే అవే. పడవ ఇంజను శబ్దం దగ్గరైతే క్షణంలో గట్టెక్కి చెట్ల మధ్యకు పోతాయి. పాయ ఒడ్డున చేప పొలుసులు, పీత చిప్పలు కలిసిన పెంట కుప్పలుగా ఉంటే ఆ చోటు అవి రోజూ వచ్చేది.

పడవ ప్రయాణం బాట నడక అంత నిండుగా ఉండదన్నది మా అభిప్రాయం, కానీ మానుకోవాల్సింది కాదు. అడవి ఎంత వెడల్పుందో, సముద్రానికి అది ఎలా తెరుచుకుంటుందో పడవ మీదే తెలుస్తుంది. చిన్న చుట్టు, పెద్ద చుట్టు అని రెండు రకాలుంటే పెద్దదే తీసుకోండి. చిన్నది వెడల్పాటి పాయలో అటూ ఇటూ తిప్పి తెస్తుంది, పక్షులు ఉండే సన్నటి కాలవల్లోకి వెళ్ళదు. అందరూ కలిసి పడవ మొత్తానికి మాట్లాడుకుంటే ఒక మేలుంది. "సన్న కాలవలో ఇంజను ఆపి ఐదు నిమిషాలు ఉంచండి బాబాయ్" అని నడిపేవారిని అడగొచ్చు. చాలామంది సంతోషంగా ఆపుతారు. వాళ్ళు ఈ నీళ్ళలోనే పుట్టి పెరిగిన మత్స్యకారులు, ఏ కొమ్మ మీద ఏ లకుముకి పిట్ట కూర్చుంటుందో మనకన్నా వాళ్ళకే తెలుసు. లైఫ్ జాకెట్టు పట్టీలు బిగించుకున్నాకే పడవ కదలనివ్వండి. చిన్నపిల్లలకు వాళ్ళ కొలతది లేకపోతే ఎక్కకండి. పెద్ద జాకెట్టు నీళ్ళలో పడితే తల మీంచి జారిపోతుంది. నీరు బాగా దిగిన వేళ పడవ అడుగు ఒండ్రుకు తగిలి ఆగిపోవచ్చు, అప్పుడు మళ్ళీ పోటు వచ్చేదాకా ఎదురు చూడటమో, తెడ్డుతో తోయడమో తప్పదు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. పాయల్లో ఇబ్బంది లేదు గానీ అఖాతంలోకి వెళ్ళే పడవలు అలలకు ఎగిరి తడిపేస్తాయి. కెమెరాలకు ప్లాస్టిక్ సంచి దగ్గరుంచుకోండి.

పాయల వెంట వెళ్తున్నప్పుడు కొన్నిచోట్ల మడ చెట్లు వరసలుగా, ఒకే ఎత్తులో కనిపిస్తాయి. అవి నాటినవి. ఒకప్పుడు చెట్లు కొట్టేశాక నేల కుంగి, పోటు నీరు వచ్చి నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోయి, ఏ విత్తనమూ మొలవని పర్రలుగా మారిన చోట్లవి. 1990ల చివర్లో గోదావరి, కృష్ణా మడ అడవుల్లో అటవీ శాఖ, ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధనా సంస్థ, ఊళ్ళ జనం కలిసి ఒక పెద్ద కాలవ, దానికి చేప ముల్లు ఆకారంలో పక్క కాలవలు తవ్వి, నీరు వచ్చి మళ్ళీ పోయేలా చేశారు. ఉప్పు కడిగిపోయాక ఆ గట్ల వాలు మీద మొక్కలు నాటారు. నేలను బాగుచేయడానికి ఎరువులేవీ కావలసి రాలేదు, నీటికి దారిస్తే చాలింది. కాలవల్లో పూడిక తీయకపోతే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది.

హోప్ ఐలాండ్ ప్రయాణం దీనికి వేరు. కాకినాడ రేవు వైపు నుంచి వెళ్ళాలి, ఎప్పుడూ పడవలుండవు. వాతావరణం, అనుమతి రెండూ కుదరాలి కాబట్టి ముందు రోజు కనుక్కుని వెళ్ళండి. ఇసుక, సరుగుడు చెట్లు, కొద్దిపాటి మత్స్యకారుల ఇళ్ళు, అవతల ఎవరూ లేని తీరం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరాన రాత్రుళ్ళు గుడ్లు పెడతాయి. గూటికి వంద దాకా గుడ్లు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. పగటి పూట వెళ్ళేవాళ్ళకు తాబేలు కనిపించదు. ఇసుక మీద ట్రాక్టరు టైరు జాడలా సముద్రం నుంచి పైకి వెళ్ళి మళ్ళీ దిగిన గుర్తు కనిపించవచ్చు. ఆ జాడ పైకొసన తొక్కొద్దు, తవ్వొద్దు. నీడ దాదాపు లేదు. తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్ళాలి.

పక్షుల కోసమే వచ్చేవాళ్ళు అభయారణ్యం గేటు దగ్గరే ఆగిపోతే సగం పోగొట్టుకున్నట్టే. చెట్ల మధ్య కొంగలు, నారాయణపక్షులు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, లకుముకి పిట్టలు బాగా కనిపిస్తాయి. నల్ల టోపీ పెట్టినట్టుండే, ఊదా వీపు లకుముకిని శీతాకాలంలో ఇక్కడ వెతకండి. పొట్ట తెల్లగా ఉండే పెద్ద సముద్రపు గద్ద అఖాతం అంచున ఎత్తైన చెట్టు మీద ఉంటుంది. కానీ వేల మైళ్ళు ఎగిరి వచ్చే ఉల్లంకి జాతి పిట్టలకు చెట్లు అక్కర్లేదు, ఖాళీ బురద కావాలి. అది కాకినాడ ఒడ్డునే, కుంభాభిషేకం రేవు దగ్గర ఉంది. సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్, కర్లూ శాండ్‌పైపర్, గాడ్విట్ లాంటివి సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ మేస్తాయి. ఇండియన్ స్కిమ్మర్‌ను చూడటానికి దేశం నలుమూలల నుంచీ ఇక్కడికి వస్తారు. నారింజ రంగు ముక్కులో కింది దవడ పై దవడ కన్నా పొడుగ్గా ఉంటుంది. నోరు తెరిచి ఆ కింది దవడను నీటిలో ముంచి గీసుకుంటూ ఎగురుతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. చంబల్ లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పక్షి ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉంది.

అక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు. తెల్లవారుజామున వెళ్ళి నిలబడతారు. అఖాతం తూర్పున ఉంటుంది కాబట్టి సూర్యుడు కళ్ళలో పడి, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. కాళ్ళ రంగు, రెక్కల గీతలు తెలియకపోతే ఉల్లంకి పిట్టల్లో దేన్నీ గుర్తుపట్టలేం. సాయంత్రం వెళ్ళండి, వెలుగు మీ వీపు వెనక నుంచి పడుతుంది. నీరు పూర్తిగా దిగిపోయాక వెళ్తే పక్షులు అర కిలోమీటరు దూరంలో చుక్కల్లా ఉంటాయి. నీరు ఎక్కుతున్నప్పుడు పోటుకు రెండు గంటల ముందు, లేదా దిగడం మొదలయ్యాక రెండు గంటలకు అయితే అవి ఒడ్డుకు దగ్గరగా ఉంటాయి. 8x42 బైనాక్యులర్ అడవికి సరిపోతుంది, ఈ ఒడ్డుకు మాత్రం స్పాటింగ్ స్కోపు ఉన్నవాళ్ళ పక్కన నిలబడగలిగితే మేలు. బురదలోకి దిగకండి. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు మోకాలి దాకా లాగేస్తుంది, పైగా అలసిపోయి వచ్చిన పిట్టలు మీ కోసం లేచి ఎగరాల్సి వస్తుంది.

కాలం సంగతికొస్తే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. కోరింగ రేవు పట్టణాన్ని 1789లో, 1839లో తుఫానులు తుడిచిపెట్టిన చోటు ఇది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద వస్తే పాయలన్నీ మట్టినీటితో నిండి ఉంటాయి, పాటు వేళ కూడా బురద సరిగా తేలదు. ఏప్రిల్, మే నెలల్లో చెట్ల మధ్య గాలి ఆడదు. పది గంటలకే చెమటలు కారిపోతాయి.

కాళ్ళకు పట్టున్న బూట్లు వేసుకోండి. వాన పడినా, మంచు కురిసినా చెక్క పలకల మీద నాచు జారుతుంది, హవాయి చెప్పులతో పడిపోయేది అక్కడే. నిండు చేతుల లేత రంగు చొక్కా, దోమల మందు తప్పనిసరి. మందు గేటు బయటే రాసుకోండి, బాట మీద స్ప్రే కొట్టొద్దు. కటకటాల మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు సమతలంగా ఉన్న బాట మీద నెమ్మదిగా నడవగలరు, కానీ వ్యూ టవర్ మెట్లు, పడవ ఎక్కేచోట నీటి మట్టాన్ని బట్టి మారే ఎత్తు వాళ్ళకు ఇబ్బంది. పోటు మీద పడవ అంచు రేవుకు సమంగా వస్తుంది, అప్పుడే ఎక్కించండి.

భోజనం ఆశ లోపల పెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి కాకినాడ చేరిపోతే సుబ్బయ్య గారి హోటల్లో ఆకు వేయించుకోవచ్చు, లేదా యానాం వైపు వెళ్ళి పండుగప్ప పులుసు తినొచ్చు. దారిలో పీతలు అమ్ముతుంటే పొట్ట కింద గుడ్లున్న ఆడ పీతలను, అరచేతిలో సగం కూడా లేనివాటిని కొనకండి. ఆ పెరగాల్సినవి పెరిగేది ఈ మడ వేళ్ళ మధ్యనే. సాయంత్రం అడవి వైపే ఉండిపోయేవాళ్ళు చీకటి పడక ముందే రోడ్డు మీదికి వచ్చేయాలి. ఆ వేళకు దోమలు ఏ మందుకూ లొంగవు, యానాం వైపు నుంచి వచ్చే బస్సులు కిక్కిరిసి ఉంటాయి. నిలబడే చోటైనా దొరకాలంటే ఐదింటిలోపు ఎక్కేయడం మంచిది.